ఎవరి చెయ్యో వినగానే తెలియాలి

మైక్ బాగానే ఉందా? వెనకున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. ఉపన్యాసం మొదలుపెట్టే ముందు ఒక చిన్న ఆట ఆడదాం. ఐదు ముక్కలు వినిపిస్తాను, ఒక్కోటి నాలుగు సెకన్లే. పాడేవాళ్ల గొంతు రాకుండా కత్తిరించాను, గిటార్ మాత్రమే ఉంటుంది. ఎవరు వాయించారో చెప్పండి.

(ఐదు ముక్కలు వినిపించారు. సభలోంచి సమాధానాలు వచ్చాయి.)

చూశారా, నాలుగింటికి టక్కున చెప్పేశారు, ఐదోదాని దగ్గర ఆ మూల ఇద్దరు కొట్టుకునేదాకా వచ్చారు. (నవ్వులు) పాట లేదు, మాట లేదు, నాలుగు సెకన్ల తీగల చప్పుడుతోనే మనిషెవరో తెలిసిపోయింది. ఇంకో సంగతి, నేను ముందే చెప్పలేదు, ఆ ఐదూ వాళ్ల వాళ్ల మొట్టమొదటి ఆల్బమ్‌లలోవి. అంటే అంతకుముందు లోకానికి వాళ్లెవరో సరిగ్గా తెలియదు, వచ్చిన మొదటి రోజే "ఇది నేను" అని సంతకం పెట్టేసి వచ్చారు.

ఈరోజు మాట్లాడేది దాని గురించే. రాక్ గిటార్ వాయింపుకి సంబంధించి గొప్ప తొలి ఆల్బమ్‌లు ఏవి అని ఎవరైనా అడిగితే ఎక్కువమంది వేగాన్ని బట్టి చెబుతారు. ఎవరు ఎన్ని స్వరాలు ఎంత తక్కువ టైంలో కొట్టారు అని. నాకు మొదట గిటార్ నేర్పినాయన కూడా అదే బాపతు, పేరు చెప్పను, తాళం కొట్టే మెట్రోనోమ్ పక్కన పెట్టుకుని వారం వారం ఐదు ఐదు బీట్లు పెంచుకుంటూ పోయేవారు, నూట అరవై దగ్గర నా వేళ్లు చిక్కుపడిపోతే "నీకిది రాదు" అని తేల్చేశారు. ఆయన చెప్పింది నిజమే, నాకు వేగం రాలేదు. కానీ ఆ కోపంతో ఈ రికార్డులన్నీ మళ్లీ మళ్లీ వింటుంటే నాకు తట్టింది ఏంటంటే, వీటిలో సగానికి సగం అసలు వేగమైనవే కావు. వీటన్నిటిలో ఉన్నది చేతిరాత. పరీక్ష పేపర్ల కట్టలోంచి మన స్నేహితుడి పేపర్ని పేరు చూడకుండానే లాగెయ్యగలం చూడండి, అలాంటిది. ఆ చేతిరాత మొదటి ఆల్బమ్‌కే కుదిరిపోయిందా లేదా, అది ఎక్కడినుంచి వచ్చింది, ఇదే నా లెక్క.

ముందు అన్నిటికంటే నెమ్మదైనదాంతో మొదలుపెడతాను. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ తొలి ఆల్బమ్, 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు నలుగురు. టోనీ అయోమీ అనే గిటారిస్టు ఒక లోహపు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, వయసు పదిహేడు, సంగీతం కోసం ఉద్యోగం మానేస్తున్నాడు, అది ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లి ఇంక ఫ్యాక్టరీకి వెళ్లనన్నాడు. వాళ్లమ్మ, ఒప్పుకున్న పని పూర్తిచేసి రావాలిరా అని వెనక్కి పంపింది. ఆ పూట మామూలుగా మెషీన్ దగ్గరుండే మనిషి రాలేదని ఇతన్ని ప్రెస్ మీద నిలబెట్టారు. అది కిందికి దిగి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తీసేసింది.

కుడిచెయ్యి పోతే ఏముందిలే, తీగలు మీటే పిక్ ముక్క పట్టుకునే చెయ్యేగా అనుకోకండి. అయోమీది పుర్రచేతివాటం. అంటే కుడిచేత్తోనే తీగలు నొక్కుతాడు. గిటార్ వాయించేవాడికి పోకూడని వేళ్లే పోయాయి.

తర్వాత ఏం జరిగిందో కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే హెవీ మెటల్ అనే మొత్తం శబ్దం ఇక్కడే పుట్టింది. ఫ్యాక్టరీలో పైఅధికారి ఒకాయన జాంగో రైన్‌హార్ట్ అనే జాజ్ గిటారిస్టు రికార్డు తెచ్చి వినిపించాడు, ఇతను అగ్నిప్రమాదంలో చెయ్యి కాలి రెండే వేళ్లతో సోలోలు వాయించేవాడు తెలుసా అని. అయోమీ గిన్నెలు కడిగే లిక్విడ్ వచ్చే ప్లాస్టిక్ సీసాని కరిగించి, ఉండ చేసి, వేడి పెట్టి వేళ్లకి సరిపోయేలా తొలిచి, గరుకు కాగితంతో రుద్ది, పైన తోలుముక్క అంటించి తొడుగులు చేసుకున్నాడు. దర్జీవాళ్లు వేలికి తొడుక్కునే తొడుగు లాంటివి. వాటితో తీగ ఎక్కడుందో తెలియదు, స్పర్శ ఉండదు కదా. మామూలు తీగలు నొక్కితే నొప్పి. పల్చటి తీగల సెట్లు అప్పుడు దొరకవు. బాంజో తీగలు తెచ్చి గిటార్‌కి బిగించుకున్నాడు. నాలుగు వేళ్లతో వేసే పెద్ద కార్డులు, అంటే ఒకేసారి పలికే స్వరాల గుత్తులు, కష్టం కాబట్టి రెండు స్వరాల కార్డులు వేసి, అవే నిండుగా వినిపించేలా శబ్దం పెంచే ఆంప్‌ని పెంచాడు. ఇప్పుడు వినండి.

(గిటార్ మీద వాయించి చూపించారు.)

మూడే స్వరాలు. ఆరో తీగ, అంటే అన్నిటికంటే లావుది, మూడో ఫ్రెట్, ఫ్రెట్ అంటే మెడ మీది అడ్డగీత; నాలుగో తీగ ఐదో ఫ్రెట్, ఐదో తీగ నాలుగో ఫ్రెట్. మన భాషలో చెప్పాలంటే కింది షడ్జం, పై షడ్జం, మధ్యలో ప్రతి మధ్యమం, ఆ మూడోదాన్ని అలా వణికిస్తూ వదిలేస్తాడు. ఆల్బమ్ మొదలవగానే వాన చప్పుడు, గంట, ఉరుము, తర్వాత ఇది. నూట అరవై బీట్లు ఎక్కడ, ఇదెక్కడ! మధ్యలో టీ తాగి రావచ్చు. (నవ్వులు) ఈ ఆల్బమ్ మొత్తం ఒక్క రోజులో రికార్డయింది, 1969 అక్టోబర్ 16న. క్లబ్బుల్లో వాయించే వరసలోనే లైవ్‌గా కొట్టేసి వెళ్లిపోయారు. ఆ రోజు మొదటి పాటకే అయోమీ వాయిస్తున్న ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో పికప్, అంటే తీగల కదలికని పట్టే భాగం, పాడైపోయింది. అవసరానికని వెంట ఉంచుకున్న గిబ్సన్ ఎస్‌జీ తీసి మిగతావి వాయించాడు, తర్వాత ఎస్‌జీ అంటేనే ఆయన గిటార్ అయింది. ఇంకోటి, సబ్బాత్ అనగానే తీగలు బాగా వదులు చేసి శ్రుతి కిందికి దించేస్తారని అందరూ అంటారు, అది 1971లో మూడో ఆల్బమ్ నుంచి. మొదటి ఆల్బమ్ మామూలు శ్రుతిలోనే ఉంది. అంత బరువు ఉట్టి చేతిలోంచి వచ్చింది.

పుర్రచేతివాటం అన్నాను కాబట్టి హెండ్రిక్స్ దగ్గరికి వెళదాం, ఎలాగూ వెళ్లక తప్పదు. ఆర్ యూ ఎక్స్‌పీరియెన్స్‌డ్, ఇంగ్లండ్‌లో 1967 మే, అమెరికాలో అదే ఏడు ఆగస్టు. ఇక్కడ ఒక తమాషా ఉంది, ఇద్దరు కలిసి ఈ ఆల్బమ్ గురించి వాదించుకుంటుంటే ముందు అడగాల్సింది మీరు విన్నది ఏ దేశపుది అని. పర్పుల్ హేజ్, హే జో, ద విండ్ క్రైస్ మేరీ, ఈ మూడూ ఇంగ్లండ్ రికార్డులో లేవు. అక్కడ సింగిల్స్‌గా అప్పటికే వచ్చేశాయి, కొన్నవాళ్ల చేత మళ్లీ కొనిపించడం ఎందుకని వదిలేశారు. అమెరికాలో కొన్ని తీసేసి వీటిని పెట్టారు. పర్పుల్ హేజ్ మొదట్లో ఉన్నది కూడా ఇందాకటి ప్రతి మధ్యమమే, సబ్బాత్ కంటే మూడేళ్ల ముందు. అదే స్వరం హెండ్రిక్స్ చేతిలో మత్తుగా ఉంటుంది, అయోమీ చేతిలో భయంగా ఉంటుంది. చేతిరాత అంటే ఇదే.

హెండ్రిక్స్ ఎడమచేతివాడు, కుడిచేతి స్ట్రాటోకాస్టర్‌ని తిరగేసి పట్టుకుని తీగలు మాత్రం తన వాటానికి మార్చి బిగించుకున్నాడు. ఈ సంగతి అందరికీ తెలిసిందే, దానివల్ల ఏమైందో మాత్రం తక్కువమంది చూస్తారు. ఇదిగో ఈ గిటార్ చూడండి, కింద తీగల చివర్లని పట్టుకునే బ్రిడ్జ్ దగ్గరున్న పికప్ ఏటవాలుగా ఉంది కదా. మామూలుగా అయితే సన్న తీగల వైపు బ్రిడ్జ్‌కి దగ్గరగా, లావు తీగల వైపు దూరంగా ఉంటుంది. తిరగేస్తే ఇది తారుమారు. లావు తీగలు పదునుగా, సన్న తీగలు కాస్త గుండ్రంగా పలుకుతాయి. దానికి తోడు చేతులు పెద్దవి, బొటనవేలు మెడ మీదుగా వేసి లావు తీగని నొక్కి పెట్టేస్తాడు, మిగతా నాలుగు వేళ్లూ ఖాళీ, కార్డ్ పట్టుకున్నట్టే ఉంటుంది, మధ్యలో చిన్న చిన్న పలుకులు పడుతూ ఉంటాయి. పాటకి ఆసరాగా ఉండే రిథమ్ ఎక్కడైపోయింది, ముందుకొచ్చి పలికే లీడ్ ఎక్కడ మొదలైంది అంటే గీత గీయలేం. ముగ్గురే ఉన్న బ్యాండ్‌లో రెండో గిటారిస్టు లేని లోటు అలా తీరింది. ఫజ్, ఫీడ్‌బ్యాక్, తిరగేసిన టేపు, రోజర్ మేయర్ చేసిచ్చిన ఆక్టేవియా పెడల్, వాటి గురించి పుస్తకాలకి పుస్తకాలు ఉన్నాయి, నేను ఎత్తను. నన్నడిగితే ద విండ్ క్రైస్ మేరీ వినండి, ఏ హడావుడీ లేదు, ఇంకో పాట రికార్డింగ్ అయిపోయాక మిగిలిన ఇరవై నిమిషాల్లో కొట్టేశారు దాన్ని.

ఇరవై నిమిషాల్లో ఎలా కుదిరిందంటే, ఆయన అప్పటికి లిటిల్ రిచర్డ్ వెనక, ఐస్లీ బ్రదర్స్ వెనక ఏళ్ల తరబడి రిథమ్ వాయించి ఉన్నాడు. 1966 సెప్టెంబర్‌లో లండన్‌లో దిగినప్పుడు అక్కడివాళ్లకి కొత్త ముఖం గానీ, చెయ్యి కొత్తది కాదు.

జిమ్మీ పేజ్ సంగతీ అంతే. లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్ 1969 జనవరి. పేజ్ అప్పటికే లండన్ స్టూడియోల్లో ఎవరెవరి పాటలకో కిరాయి గిటారిస్టుగా వందల సెషన్లు చేసేసి, తర్వాత యార్డ్‌బర్డ్స్ బ్యాండ్‌లో తిరిగి వచ్చినవాడు. 1968 శరదృతువులో ఒలింపిక్ స్టూడియోలో మొత్తం ముప్పై ఆరు గంటల్లో ఆల్బమ్ అయిపోయింది. ముప్పై ఆరని అంత కచ్చితంగా ఎలా తెలుసంటే బిల్లు కట్టుకున్నది తనే, 1,782 పౌండ్లు. సొంత డబ్బు గంటల లెక్కన పోతుంటే ఎవరికైనా ప్రాక్టీసు ఇంట్లోనే చేసుకురావాలనిపిస్తుంది! (నవ్వులు)

ఇప్పుడొక ప్రశ్న. ఆ ఆల్బమ్‌లో గిటార్ ఏది, ఆంప్ ఏది? చెప్పండి. ... లెస్ పాల్, మార్షల్. అవును, అందరూ అదే అంటారు, నేనూ చాలాకాలం అదే అనుకున్నా. ఆ బొమ్మ తర్వాతి ఏళ్లది. మొదటి ఆల్బమ్‌లో ఉన్నది తోటి గిటారిస్టు జెఫ్ బెక్ ఇచ్చిన టెలికాస్టర్ గిటార్, సుప్రో అనే చిన్న ఆంప్. మనిషెత్తు ఆంప్ అనుకున్నది చంకలో పెట్టుకుపోయేంత పెట్టె. మరి ఆ సైజు ఎక్కడినుంచి వచ్చిందంటే, మైక్‌ని ఆంప్ మూతికి ఆనించి పెట్టడమే కాకుండా దూరంగా ఇంకోటి పెట్టారు, గదిలో గాలి కూడా రికార్డయింది. అది సెషన్లలో నిలబడి నిలబడి ఇంజినీర్లని గమనించి నేర్చుకున్న విద్య. వయొలిన్ కమానుతో గిటార్ వాయించడం లాంటివి జనానికి గుర్తుంటాయి, నాకైతే ఆ గది గుర్తుంటుంది. పాత బ్లూస్ పాటల్నీ, జేక్ హోమ్స్ పాటనీ ఎవరి పేరు ఎక్కడ వెయ్యాలో అక్కడ వెయ్యకుండా వాడుకున్నారన్న గొడవ ఉంది, కోర్టు దాకా వెళ్లింది కూడా, అది కప్పిపెట్టి మాట్లాడటం నాకిష్టం లేదు. వాయింపు గొప్పతనం వేరు, ఈ పని వేరు, రెండూ ఒకే మనిషివి.

ఆ ఆల్బమ్‌లో కమ్యూనికేషన్ బ్రేక్‌డౌన్ అని రెండున్నర నిమిషాల పాట ఉంది. పిక్‌ని పైకీ కిందికీ కాకుండా కిందికే కొడుతూ పోయే వాయింపు. దాన్ని న్యూయార్క్‌లో జానీ రమోన్ అనే ఆయన పట్టుకున్నాడు, నా డౌన్‌స్ట్రోక్‌కి మూలం అదేనని చెప్పుకున్నాడు. రమోన్స్ మొదటి ఆల్బమ్, 1976 ఏప్రిల్. పద్నాలుగు పాటలు, ఇరవై తొమ్మిది నిమిషాలు, ఖర్చు 6,400 డాలర్లు, వారంలో పూర్తి. సోలోలంటూ దాదాపు లేవు. గొప్ప గిటార్ ఆల్బమ్‌లలో దీన్నెందుకు చేరుస్తావని నాతో ఎంతమంది పోట్లాడారో! ఇంటికెళ్లి ఒక పని చెయ్యండి. పిక్ తీసుకుని ఆ వేగంలో కిందికి మాత్రమే, ఒక్క పైస్ట్రోకూ లేకుండా, మూడు నిమిషాలు వాయించండి. నిమిషంన్నరకి ముంజేయి రాయి అయిపోతుంది. ఆయన స్టేజి మీద గంట సేపు అలా కొట్టేవాడు. పైకి కొడితే సగం శ్రమ, కానీ ఆ రంపపు కోత రాదు. ఆల్బమ్‌లో గిటార్ ఒక చెవిలో, బేస్ ఇంకో చెవిలో వేశారు కాబట్టి ఒక ఇయర్‌ఫోన్ తీసేసి వినండి, చెయ్యి ఎక్కడా తడబడదు.

అదే న్యూయార్క్, రమోన్స్ వాయించిన అదే సీబీజీబీ క్లబ్బు, పూర్తిగా అవతలి ఒడ్డు: టెలివిజన్ అనే బ్యాండ్, మార్కీ మూన్, 1977 ఫిబ్రవరి. టామ్ వెర్లేన్, రిచర్డ్ లాయిడ్, ఇద్దరు గిటారిస్టులు, డిస్టార్షన్ అనే గరగర లేదు, నీళ్లలాంటి శుభ్రమైన శబ్దం. ఒకడు ప్రశ్న అడిగినట్టు వాయిస్తాడు, ఇంకొకడు దానికి అడ్డం పడతాడు. టైటిల్ పాట దాదాపు పది నిమిషాలుంటుంది, మొదటి టేక్‌లోనే వచ్చింది, డ్రమ్మర్ అయితే అది రిహార్సల్ అనుకున్నాడట. దీన్ని రికార్డు చేసింది ఆండీ జాన్స్. ఇందాకటి లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్‌కి ఇంజినీరు గ్లిన్ జాన్స్, ఆయనకి తమ్ముడే ఈ ఆండీ. తమ్ముడు ఇక్కడ కూడా జెప్లిన్ లాంటి భారీ డ్రమ్స్ శబ్దం పెట్టబోతే వెర్లేన్ ససేమిరా అన్నాడు. ఈ ఆల్బమ్‌ని నేను ఇంకా గంటసేపు పొగడగలను, కానీ వాన్ హేలెన్ వాళ్ల ఎరప్షన్ అనే గిటార్ ముక్క ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నవాళ్ల ముఖాలు కనిపిస్తున్నాయి నాకు.

సరే, వాన్ హేలెన్. 1978 ఫిబ్రవరి. కానీ ముందు 1964కి వెళ్లాలి, ఒక్క నిమిషం. లండన్‌లో డేవ్ డేవీస్ అని పదిహేడేళ్ల కుర్రాడు, కింక్స్ బ్యాండ్. చిన్న ఆంప్ శబ్దం మరీ మర్యాదగా ఉందని చిరాకేసి, స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో కోసేశాడు. ఆ చిరిగిన స్పీకర్ గరగరే యూ రియల్లీ గాట్ మీ పాట, కింక్స్ మొదటి ఆల్బమ్‌లో ఉంది. పద్నాలుగేళ్ల తర్వాత ఎడ్డీ వాన్ హేలెన్ తన మొదటి ఆల్బమ్‌లో ఎరప్షన్ అయిపోగానే ఊపిరి తీసుకోనివ్వకుండా అదే పాట వాయించాడు. ఒక తొలి ఆల్బమ్ ఇంకో తొలి ఆల్బమ్‌కి దణ్ణం పెట్టినట్టుంటుంది నాకు.

ఎడ్డీ నెదర్లాండ్స్‌లో పుట్టాడు, 1962లో కుటుంబం కాలిఫోర్నియా వచ్చింది. మొదట ఇతనిది డ్రమ్స్, అన్న అలెక్స్‌ది గిటార్, తర్వాత మార్చుకున్నారు. ఆ రిథమ్ పట్టు ఎక్కడినుంచి వచ్చిందో ఇక అడగక్కర్లేదు. గిటార్ కూడా కొన్నది కాదు. యాభై డాలర్లు పెట్టి ఒక చెక్క బాడీ, ఎనభై డాలర్లు పెట్టి మెడ, పాత గిబ్సన్‌లోంచి పీకిన పికప్, అన్నీ కలిపి తనే అతికించాడు. గిబ్సన్ పికప్ ఫెండర్ వరసకి సరిపోదు, తీగల మధ్య ఎడం వేరు, అందుకని దాన్ని కొంచెం వంకరగా బిగించాడు. మీద నలుపూ తెలుపూ చారలు. ఆంప్ వంద వాట్ల మార్షల్, దానికి వచ్చే కరెంటుని వేరియాక్ అనే వోల్టేజి మార్చే పెట్టె పెట్టి తగ్గించి, మొత్తం వాల్యూమ్ తిప్పి వాయించేవాడు. మొదట్లో ఇంటర్వ్యూల్లో మాత్రం వోల్టేజి పెంచుతానని చెప్పాడు! నమ్మి పెంచినవాళ్ల ఆంప్‌ల గతి మీరే ఊహించుకోండి. (నవ్వులు)

ఇప్పుడు ఈ కుడిచెయ్యి చూడండి, కెమెరా కొంచెం దగ్గరికి తీసుకురండి. మామూలుగా ఎడమచెయ్యి నొక్కుతుంది, కుడిచెయ్యి మీటుతుంది. ఇక్కడ కుడి చూపుడువేలు కూడా మెడ మీదికి వచ్చి, తీగని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది, అదొక స్వరం. వెంటనే ఆ వేలు తీగని పక్కకి లాగి వదిలేస్తుంది, అప్పుడు కింద ఎడమచెయ్యి పట్టుకున్న స్వరం పలుకుతుంది, ఎడమచేతి ఇంకో వేలు పడుతుంది, మూడోది. కుడి, ఎడమ, ఎడమ. కుడి, ఎడమ, ఎడమ. ఇలా మూడేసి. దీన్నే ట్యాపింగ్ అంటారు. నేను వాయిస్తే టైప్‌రైటర్ చప్పుడు వస్తుంది, క్షమించాలి. (నవ్వులు) ఎడ్డీకంటే ముందు దీన్ని చేసినవాళ్లున్నారు, జెనెసిస్ బ్యాండ్‌లో స్టీవ్ హాకెట్ 1971 నాటికే చేశాడు. ఎడ్డీకి జిమ్మీ పేజ్ హార్ట్‌బ్రేకర్ సోలో చూసినప్పుడు ఈ ఆలోచన వచ్చిందట. కనిపెట్టినవాడు ఎవరనేది నాకంత ముఖ్యం కాదు. అందరికీ అదొక గారడీ, ఎడ్డీకి అది మాట్లాడే భాష.

ఎరప్షన్ నిమిషం నలభై రెండు సెకన్లు. ట్యాపింగ్ అందులో చివరి వైపు అర నిమిషమే, ముందంతా బ్లూస్ చెయ్యే, వింటే క్రీమ్ బ్యాండ్‌లో ఉన్ననాటి ఎరిక్ క్లాప్టన్ కనిపిస్తాడు. అసలది ఆల్బమ్‌లో ఉండాల్సిందే కాదు. క్లబ్బు షోకి వేళ్లు వేడెక్కించుకోవడానికి స్టూడియోలో ఒక మూల వాయించుకుంటుంటే నిర్మాత టెడ్ టెంపుల్‌మన్ విని ఇదేంటి, రికార్డు చేద్దాం అన్నాడు. ఎడ్డీకి ఆ టేక్ చివరిదాకా నచ్చలేదు, అందులో ఒక తప్పుంది, ఇంకా బాగా వాయించగలిగేవాణ్ణి అని చెబుతూనే ఉండేవాడు. లోకమంతా ఆ తప్పుతో సహా నేర్చుకుంది.

ఈ ఆల్బమ్ వచ్చిన ఏడాదే వాన్ హేలెన్ వాళ్లు ఎవరికి ముందు వాయించే బ్యాండ్‌గా టూర్‌కి వెళ్లారో తెలుసా? 1978లో, బ్లాక్ సబ్బాత్‌కి. మూడు స్వరాల మనిషి తెర వెనక నిలబడి రోజూ ఇది వింటూ ఉండాలి. అయోమీ, ఎడ్డీ ఆ తర్వాత జీవితాంతం స్నేహితులు.

అదే 1978లో డైర్ స్ట్రెయిట్స్ మొదటి ఆల్బమ్ వచ్చింది, నాకు ఇది తలుచుకుంటేనే నవ్వొస్తుంది. అంత పెద్ద విస్ఫోటనం జరిగి ఏడాది కూడా కాలేదు, ప్రతి కుర్రాడూ కుడిచెయ్యి మెడ మీదికి తెచ్చి తీగల్ని బాదుతున్నాడు, ఇక్కడ మార్క్ నాఫ్లర్ అనే మాజీ లెక్చరర్ పిక్ కూడా లేకుండా బొటనవేలు, రెండు వేళ్లతో, ఎవరితోనో గుసగుసలాడుతున్నట్టు వాయిస్తున్నాడు. ఈయనదీ పుర్రచేతివాటమే, అయినా కుడిచేతివాళ్లలా గిటార్ పట్టుకుంటాడు. అంటే బలమైన చెయ్యి తీగలు నొక్కే వైపుంది. ఆ తీగ లాగడంలో, ఊపడంలో ఉండే ధీమాకి అదే కారణమని నా అనుమానం, నిరూపించలేను. సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్‌ని మొదట నేషనల్ స్టీల్ గిటార్ మీద వేరే శ్రుతిలో రాసుకున్నాడు, చప్పగా ఉందనిపించింది. స్ట్రాటోకాస్టర్ కొనుక్కుని దాని మీద వాయించగానే పాట లేచి కూర్చుంది. ఆ పాట చివర్లో వేళ్లు పరిగెత్తే ముక్కని అందరూ నేర్చుకుంటారు. మీరు మాత్రం పాడే వరసల మధ్య ఖాళీల్లో ఏం వాయిస్తున్నాడో వినండి, ప్రతి వరసకీ వేరే జవాబు, ఒకటి చెప్పింది మళ్లీ చెప్పడు.

స్టీవీ రే వాన్ దగ్గరికొచ్చేసరికి టైం చూసుకోవాలి నేను. టెక్సస్ ఫ్లడ్, 1983 జూన్. ముందు ఏడాది మాంట్రో జాజ్ ఫెస్టివల్‌లో కొందరు ఈయన్ని ఎగతాళిగా అరిచి గోల చేశారు. అదే చోట గాయకుడు డేవిడ్ బోవీ విని తన ఆల్బమ్‌కి వాయించమని పిలిచాడు, ఇంకో గాయకుడు జాక్సన్ బ్రౌన్ విని తన స్టూడియోని ఉచితంగా వాడుకోమన్నాడు. అక్కడ మూడు రోజుల్లో లైవ్‌గా వాయించి పెట్టుకున్నదే ఆల్బమ్. అయోమీ బాంజో తీగలు వేసుకున్నాడని చెప్పానా, ఈయన దానికి సరిగ్గా ఎదురు, అన్నిటికంటే సన్న తీగే పదమూడు గేజ్ మందం, కేబుల్ అంత లావు. శ్రుతి అర మెట్టు దించినా సరే వేళ్ల తోలు ఊడొచ్చేది, జిగురుతో అంటించుకుని మళ్లీ వాయించేవాడు. మీరెవరూ చెయ్యకండి దయచేసి.

ఇప్పటిదాకా ఒక్క రోజు, మూడు రోజులు, ముప్పై ఆరు గంటలు అంటూ వచ్చాను కాబట్టి మీకో అభిప్రాయం కలిగి ఉంటుంది, త్వరగా తీస్తేనే గొప్ప తొలి ఆల్బమ్ అవుతుందని. నేనూ అలా ఒక సిద్ధాంతం కట్టుకున్నా. దాన్ని పడగొట్టింది బోస్టన్, 1976. టామ్ షోల్జ్, ఎమ్‌ఐటీలో చదివిన ఇంజినీరు, పగలు పోలరాయిడ్ కంపెనీలో ఉద్యోగం, రాత్రి ఇంటి నేలమాళిగలో రికార్డింగ్, ఏళ్ల తరబడి, ఒక గిటార్ మీద ఇంకో గిటార్ పేర్చుకుంటూ. కంపెనీవాళ్లు మంచి స్టూడియోలో మళ్లీ రికార్డు చెయ్యాలన్నారు. మిగతా బ్యాండ్‌ని లాస్ ఏంజెలిస్ పంపి అక్కడ ఏదో పని జరుగుతున్నట్టు చూపించి, ఈయన మాత్రం నేలమాళిగలోనే కూర్చుని పూర్తిచేశాడు! అమెరికాలో కోటీ డెబ్బై లక్షలు అమ్ముడైంది. ఆ గిటార్ శబ్దం కూడా రెండు సెకన్లలో తెలిసిపోతుంది. అంటే త్వరగా తియ్యడం కాదు అసలు సంగతి, రికార్డు బటన్ నొక్కేనాటికి చెయ్యి తయారై ఉండటం. ఈయన చెయ్యి నేలమాళిగలో తయారైంది, అంతే తేడా.

స్లాష్ గురించి మాట్లాడకపోతే బయటికి వెళ్లనివ్వరు కదా. గన్స్ ఎన్ రోజెస్ బ్యాండ్ గిటారిస్టు, యాపిటైట్ ఫర్ డిస్ట్రక్షన్, 1987 జులై. వచ్చిన ఏడాదికి గానీ అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కలేదు. మీ అందరికీ కంఠతా వచ్చు కాబట్టి ఒకటే చెబుతాను, లెస్ పాల్ అంటే స్లాష్ అని లోకమంతా అనుకునేలా చేసిన ఆ ఆల్బమ్‌లో ఉన్నది అసలు గిబ్సన్ కాదు, ఒక పనివాడు చేత్తో చేసిన నకలు. పోతే, ఎప్పుడూ స్లాష్ పేరే చెబుతాం, అవతలి చెవిలో అదే బ్యాండ్‌లోని ఇజ్జీ స్ట్రాడ్లిన్ వాయిస్తున్న సోమరి రిథమ్ తీసేస్తే ఆ ఇల్లు కూలిపోతుంది.

ఆఖరుగా టామ్ మొరెల్లో. రేజ్ అగెయిన్‌స్ట్ ద మెషీన్, 1992 నవంబర్. అట్ట మీద రాసుకున్నారు, ఇందులో శాంపిల్స్, కీబోర్డులు, సింథసైజర్లు వాడలేదని. ఎందుకు రాయాల్సి వచ్చిందంటే వింటే నమ్మబుద్ధి కాదు. గిటార్‌లో రెండు పికప్‌లు, రెండింటికీ వేర్వేరు వాల్యూమ్. ఒకటి పూర్తిగా సున్నా, ఇంకోటి పూర్తిగా పైకి. మధ్యలో ఉన్న మీటని టకటకా అటూ ఇటూ కొడితే శబ్దం వస్తూ, పోతూ, వస్తూ, పోతూ ముక్కలవుతుంది. (వాయించి చూపించారు) అంతే, ఐదు పైసల ఉపాయం. రెండు పికప్‌లున్న చాలా గిటార్లకి ఉండే మీట అది, నలభై ఏళ్లుగా అందరూ పాట మధ్యలో ఒకసారి మార్చుకుని వదిలేసేవాళ్లు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: చక్ బెర్రీ, సిస్టర్ రొసెట్టా థార్ప్ లేకుండా ఈ జాబితా ఏంటండీ?)

న్యాయమైన ప్రశ్న. వాళ్లు లేకపోతే నేను చెప్పినవాళ్లెవరూ లేరు. నేను ఆల్బమ్ అని గీత గీసుకున్నాను కాబట్టి ఇబ్బంది వచ్చింది. రొసెట్టా థార్ప్ 1940లలో వాయించింది ఒక్కో పాట ఒక్కో రికార్డుగా వచ్చేది. చక్ బెర్రీ మొదటి ఆల్బమ్ 1957లో వచ్చింది, అది కూడా చాలావరకు అంతకుముందు వచ్చిన సింగిల్స్‌ని పోగేసిందే. గీత నాది, తప్పూ నాదే.

(మరో శ్రోత: నేను నేర్చుకోవడం మొదలుపెట్టి నెల అయింది. వీటిలో ఏది ముందు ప్రయత్నించాలి? నా వేళ్లు అసలు కదలవు.)

నెలేనా? ఇలా రండి. సిగ్గుపడకండి, పైకి రండి. ఈ కుర్చీలో కూర్చోండి, గిటార్ పట్టుకోండి, తగిలిస్తే పోదు, పాతదే. చూపుడువేలు ఆరో తీగ మీద, మూడో ఫ్రెట్. కొట్టండి. ఆ, బాగుంది. ఇప్పుడు నాలుగో తీగ, ఐదో ఫ్రెట్. కంగారు లేదు, ముందు స్వరాన్ని ఇంకా మోగనివ్వండి. ఇప్పుడు ఐదో తీగ, నాలుగో ఫ్రెట్. వేలు తియ్యకండి, అక్కడే ఉంచి కొంచెం వణికించండి. ఇంకొంచెం. లైట్లు తగ్గించండి ఎవరైనా. మళ్లీ మొదటినుంచి, ఈసారి ఇంకా నెమ్మదిగా.